ఉప్పు నేల మీద గడియారంతో పందెం



మా ఊరు రెండు రాష్ట్రాల సరిహద్దులో, పెద్ద రోడ్డును ఆనుకుని ఉంది. క్రిందటి వేసవిలో నా పాత విద్యార్థి ఒకడు చేతికి సిమెంటు కట్టుతో ఎదురయ్యాడు. బైపాసు మీద స్నేహితుడితో మోటారు సైకిలు పందెం వేసుకున్నాడట. అడ్డం వచ్చిన గేదెను తప్పించబోయి పడ్డాడు. "బండి నూటపది దాటింది సార్" అన్నాడు, అంత నొప్పిలోనూ గర్వంగా. "దాటిందని ఎవరు కొలిచారు నాయనా?" అని అడిగాను. వాడు తల దించుకున్నాడు. వాడి కోసమూ, వాడిలాంటి పిల్లలున్న ఇళ్ల కోసమూ ఈ నాలుగు మాటలు.

వేగాన్ని నిజంగా కొలిచే పందెం ఒకటి ఉంది. అందులో ఇద్దరు పక్కపక్కన పోరు. ఒక్కొక్క బండి వంతులవారీగా తిన్నని దారిలో ఒంటరిగా పోతుంది. పోటీ అంతా గడియారంతోనే. దీనికి పేరుపొందిన చోటు అమెరికాలో యూటా రాష్ట్రంలోని బాన్‌విల్ ఉప్పు మైదానం. ఎప్పటిదో ఒక మహా సరస్సు ఎండిపోగా మిగిలిన తెల్లని నేల అది. సముద్ర మట్టానికి సుమారు 4,200 అడుగుల ఎత్తున ఉంది. సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అనే సంఘం 1949లో అక్కడ స్పీడ్ వీక్ అనే పోటీలు మొదలుపెట్టింది. వచ్చేవారిలో ఎక్కువమంది సొంత షెడ్డులో, సొంత డబ్బుతో బండి తయారు చేసుకున్నవారే. నగదు బహుమతి కోసం కాదు, రికార్డు పుస్తకంలో ఒక వరుస కోసం వస్తారు.

కొలత ఎలాగంటే, ముందు వేగం పుంజుకోవడానికి కొంత దూరం ఇస్తారు. ఆ తరువాత కొలిచి గుర్తు పెట్టిన మైలును ఎన్ని సెకన్లలో దాటారో చూస్తారు. గంటకు 3,600 సెకన్లు కదా! ఆ సంఖ్యను మైలు దాటిన సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది. 60 సెకన్లు పడితే గంటకు 60 మైళ్లు, 20 సెకన్లు పడితే 180 మైళ్లు.

ఇక అసలు శత్రువు గాలి. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. దాన్ని తోసుకుపోవడానికి ఇంజనుకు కావలసిన శక్తి ఎనిమిదింతలు. అందుకే ఈ ఆటలో బండి మీద బోర్లా పడుకుని పోవడం, బండికి చేప ఆకారపు తొడుగు వేయడం ఇంజను బలమంత ముఖ్యం.

దీనికి గొప్ప ఉదాహరణ న్యూజిలాండ్ దేశస్థుడు బర్ట్ మన్రో. ఆయన దగ్గర 1920 నాటి ఇండియన్ స్కౌట్ ఉండేది. పేరు ఇండియన్ అయినా అది అమెరికా కంపెనీ బండి. కొన్నప్పుడు గంటకు సుమారు 55 మైళ్లు పోయేది. పిస్టన్లు తనే పోతపోసుకుంటూ, పాడైన భాగాలను అలమరలో పేర్చి 'వేగ దేవుడికి అర్పణలు' అని రాసుకుని, దశాబ్దాల తరబడి దాన్ని మార్చాడు. 1967లో, 68 ఏళ్ల వయసులో, వెయ్యి సీసీ లోపు తరగతిలో రికార్డు నెలకొల్పాడు. అప్పటి లెక్కలో దొర్లిన పొరపాటును 2014లో సరిదిద్దగా ఆ వేగం గంటకు 184.087 మైళ్లుగా తేలింది. అంటే దాదాపు 296 కిలోమీటర్లు.

మరి కొత్తవారు ఎక్కడ మొదలుపెడతారు? బండి కొనడంతో కాదు, నిబంధనల పుస్తకం చదవడంతో. ఇంజను పరిమాణాన్ని బట్టి, బండి తయారీని బట్టి ఎన్నో తరగతులు. 50 సీసీ బండికి కూడా చోటుంది. కనుక చిన్న బండివాడికీ రికార్డు ఆశ ఉంటుంది. మొదటి ఏడాది ఎవరికైనా సహాయకుడుగా వెళ్లి చూడడం మంచి పద్ధతి.

తరువాత తనిఖీ. ఒంటినిండా తోలు దుస్తులు, ముఖమంతా కప్పే హెల్మెట్, చేతికి తొడుగులు, కాలికి బూట్లు ఉండాలి. టైర్లు ఆ వేగానికి తగినవి కావాలి. హ్యాండిలు అదరకుండా డాంపరు ఉండాలి. రైడరుకూ బండికీ మధ్య ఒక తాడు కడతారు. మనిషి పడిపోతే ఆ తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. ఇందులో ఏది తక్కువైనా బండిని కదలనివ్వరు. కొత్తవారికి ముందు దారి చూపించి, నియమాలు చెప్పి, తక్కువ వేగంతో మొదలుపెట్టించి మెట్టు మెట్టుగా పైకి పోనిస్తారు. ఒక్కసారి గట్టిగా పోతే రికార్డు రాదు. పాత రికార్డును మించిన బండిని ఎవరూ ముట్టకుండా కాపలాలో ఉంచి, మళ్లీ పరుగెత్తించి, రెండింటి సగటు తీస్తారు.

అన్నిటికీ మించి నేల ఒప్పుకోవాలి. ఉప్పు నేల బాగాలేక 2014, 2015 సంవత్సరాల్లో స్పీడ్ వీక్‌నే రద్దు చేశారు. ఏడాదంతా సిద్ధపడినవారు ఇంటివద్ద ఉండిపోయారు. నేల బాగాలేనప్పుడు ఆగడం కూడా ఈ విద్యలో భాగమే.

మన పిల్లలు ఎండిన చెరువు చూసి ఇదే బాన్‌విల్ అనుకోరాదు. అక్కడ పగుళ్లుంటాయి, పశువులుంటాయి, అంబులెన్సు ఉండదు. మన దేశంలో మోటారు పోటీలకు లైసెన్సులిచ్చే జాతీయ సమాఖ్య ఉంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాకు ఉంది. అక్కడి పందెం వేరు రకమే అయినా, తనిఖీ, క్రమశిక్షణ అక్కడ నేర్చుకోవచ్చు.

మా వాడి కట్టు విప్పేశారు. మొన్న వచ్చి, "ఆ తాడు సంగతి మళ్లీ చెప్పండి సార్" అన్నాడు. వేగం గురించి కాక ఆగడం గురించి వాడు అడిగిన మొదటి ప్రశ్న అది. కాగితం మీద బొమ్మ గీసి చూపించాను.