దీపము నార్పకుడు

జపానులో 1997 ఏప్రిల్ 1న టెలివిజనునందు మొదలైన పోకెమాన్ బొమ్మల కథలో, పదేండ్ల సతోషి తల్లిని వీడి, బంతిలో దూరనొల్లని పికాచూతో దేశాటనము చేయును. మాకును ఆ పికాచూ ముద్దే. కాని డిసెంబరు 16వ తేదీనాటి ఘట్టమున ఎఱ్ఱని, నీలి వెలుగులు సెకనునకు 12 మారులు మాఱి మాఱి మెఱయగా, చూచుచున్న పిల్లలకు కన్నులు చీకట్లు గ్రమ్మెను; కొందఱు మూర్ఛిల్లిరి. ఆసుపత్రులకు గొనిపోబడినవారు 685 మంది! కథ నాలుగు నెలలు నిలిచిపోయెను. ఆ మెఱుపు పికాచూ పుట్టించినది; వెలివడినది మాత్రము, పాపము, పోరిగానను వేఱొక జంతువు.

గదిలో వెలుతురుంచి, తెరకు దూరముగా గూర్చుండి చూడుడని నాటినుండి జపానులో హెచ్చరించుచున్నారు. మన పిల్లలో, దీపమార్పి తెరకంటుకొని కూర్చుందురు. అట్టి మెఱుపులు మొదలైనచో ఒక కన్ను అఱచేత మూసి, ముఖము త్రిప్పుకొనుమని వారికి నేర్పవలయును.