బొమ్మకోటల లోపలి సంగతులు

పిల్లలూ! వెంకటాచలం స్టేషను ప్లాటుఫారం మీద నిలబడి గూడూరు వైపు చూస్తే ఒక వింత కనిపిస్తుంది. మీ ఎదుట రెండు పట్టాలకూ నడుమ అయిదున్నర అడుగుల ఎడం ఉంటుంది. చూపు దూరం పోయేకొద్దీ ఆ ఎడం తగ్గుతూ వచ్చి, చివరకు రెండు పట్టాలూ ఒకటైపోయినట్టు కనిపిస్తాయి. నిజంగా కలిసిపోతే రైలు గతి ఏమిటి? కలవవు. దూరాన ఉన్న వస్తువు చిన్నదిగా కనబడటం కంటికి స్వభావం. ఈ స్వభావాన్నే పెట్టుబడిగా పెట్టుకుని కోటలూ, కొండలూ కట్టేవాళ్ళు ఉన్నారు. ఈ నెల వాళ్ళ సంగతి చెప్పుకుందాం.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1955 జూలై 17న వాల్ట్ డిస్నీ అనే ఆయన డిస్నీలాండును తెరిచాడు. మికీ అనే ఎలుకను మీరంతా ఎరుగుదురు గదా, ఆ ఎలుకగారి యజమానే ఈయన. అక్కడ నిద్రపోయే రాకుమారి కోట ఒకటి ఉన్నది. బొమ్మలో చూస్తే మబ్బులను తాకుతున్నట్టు ఉంటుంది. కొలిస్తే 77 అడుగులే! కిటుకు ఏమిటంటే, కోట పైకి పోయేకొద్దీ రాళ్ళనూ, కిటికీలనూ చిన్నవి చేస్తూ పోయారు. కింద నిలబడిన పిల్లవాడి కన్ను, ‘ఆ కిటికీ అంత చిన్నదిగా ఉన్నదంటే ఎంత ఎత్తున ఉన్నదో!’ అని తనకు తానే లెక్క కట్టుకుంటుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కన్నే మోసపోయింది.

అదే చోట 1959లో ఒక కొండ కట్టారు. స్విట్జర్లాండు, ఇటలీ సరిహద్దులో మాటర్‌హార్న్ అనే మంచుకొండ ఉన్నది. దాని ఎత్తు 14,692 అడుగులు. డిస్నీలాండు కొండ ఎత్తు 147 అడుగులు, అంటే సరిగా నూరో వంతు. ఆ కొండ మీద చెట్లు కూడా నాటారు. కింద పెద్ద చెట్లు, పైన పొట్టి చెట్లు. కొండ కడుపులోంచి చిన్న బళ్ళు జర్రున జారుతూ వస్తాయి. గొట్టాలవంటి ఉక్కు పట్టాల మీద పరుగెత్తిన మొదటి రోలర్ కోస్టరు అదే.

ఇదంతా అమెరికావాళ్ళు పుట్టించిన విద్య అనుకునేరు. నెల్లూరు పోయినప్పుడు పెన్న ఒడ్డున రంగనాథస్వామివారి గాలిగోపురం ముందు నిలబడి తల ఎత్తి చూడండి. పైకి పోయేకొద్దీ అంతస్తులు కురచవుతాయి, బొమ్మలు చిన్నవవుతాయి. బరువు మోయటానికి ఆ కట్టుబడి అవసరమే. ఐతే దానివల్ల గోపురం ఉన్నదానికంటే ఎత్తుగా కనబడుతుంది కూడా. మన స్థపతులకు ఈ సంగతి తెలియదని నేను ఒప్పుకోను.

సరే, తిరునాళ్ళలో రంగులరాట్నం ఉంటుంది, జయంట్ వీలు ఉంటుంది, మృత్యుబావి ఉంటుంది. మరి థీమ్ పార్కు అని వేరే పేరు ఎందుకు? తిరునాళ్ళలో రాట్నం పక్కన జిలేబీ కొట్టు, దాని పక్కన గాజుల కొట్టు, వెనకాల డీజిలు ఇంజను దడదడ. దేని దారి దానిది. ఆ కలగాపులగమే దాని అందం. థీమ్ పార్కులో ఐతే ఒక చోటంతా కలిసి ఒకే కథ చెప్పాలి. అది అడవి కథ ఐతే దీపస్తంభం, కూర్చునే బల్ల, టిక్కెట్లు చింపే మనిషి చొక్కా, అన్నీ అడవికి సంబంధించినవే కావాలి. ఒక్కటి తప్పినా కల చెదిరిపోతుంది. డిస్నీలాండు చుట్టూ చెరువుకట్టలాగా మట్టికట్ట ఎందుకు పోశారనుకున్నారు? బయటి రోడ్లూ, లారీలూ లోపలివాళ్ళకు కనబడకుండా ఉండటానికే.

వరసలో నిలబడే దారిని కూడా వంకరలు తిప్పి కడతారు. ముందు ఎంతమంది ఉన్నారో ఒక్కసారిగా కనబడితే తండ్రులకు విసుగు పుడుతుంది. వంక తిరిగిన చోటల్లా కొత్త బొమ్మో, కొత్త చప్పుడో ఉంటే అరగంట తెలియకుండా పోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చినది ఒక చెత్తబుట్ట. నెదర్లాండ్సు దేశంలో ఎఫ్‌టెలింగ్ అనే పెద్ద తోట ఉన్నది. అక్కడ 1952లో కథలవనం ఒకటి తెరిచారు. దాన్ని ఆంటన్ పీక్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మలను బట్టి కట్టారు. ఆ తోటలో లావుపాటి తిండిపోతు బొమ్మ ఒకటి నోరు తెరుచుకుని కూర్చుంటుంది. ‘కాగితాలు ఇక్కడ, కాగితాలు ఇక్కడ!’ అని అరుస్తూ ఉంటుంది. పిల్లలు చిత్తుకాగితం నోటిదగ్గర పెడితే గాలితో లోపలికి లాక్కుని, ‘వందనాలు’ అంటుంది. పిల్లలు కాగితాలు ఏరుకొచ్చి మరీ దాని నోట్లో వేస్తారు. ‘చెత్త వేయరాదు’ అని వంద బోర్డులు పెట్టినా ఈ పని జరుగుతుందా? బడిపంతుళ్ళు చూసి నేర్చుకోదగిన బుట్ట అది.

మన తెలుగువాళ్ళకు ఇటువంటి చోటు హైదరాబాదు దగ్గర ఉన్నది. చెరుకూరి రామోజీరావుగారు (1936–2024) 1996లో కట్టించిన రామోజీ ఫిల్మ్ సిటీ అది. 1,600 ఎకరాలకు పైబడిన స్థలం. దాని రూపురేఖలు దిద్దినవారు నితీశ్ రాయ్ అనే కళాదర్శకులు. అసలు సినిమాలు తీయటానికే కట్టినది కనక, అక్కడి నగిషీలకు ఒక ప్రత్యేకత ఉన్నది. రైల్వే స్టేషను ఉంటుంది, టిక్కెట్టు కొని ఎక్కే రైలు ఉండదు. విమానాశ్రయం ఉంటుంది, విమానం ఎగరదు. ముందునుంచి చూస్తే ఆస్పత్రిగా ఉన్న మేడ ఇంకో పక్కనుంచి చూస్తే మరొకటవుతుంది. రాతిగోడ అనుకున్నదాన్ని వేలితో తట్టి చూస్తే డొల్లగా మోగుతుంది, అది ప్లాస్టరో, ఫైబరో. 2015లోనూ, 2017లోనూ వచ్చిన బాహుబలి చిత్రాలకోసం వేసిన సెట్లు కూడా అక్కడ చూపిస్తారు.

చిన్నపిల్లలకోసం ఫండుస్తాన్ అనే చోటు వేరే ఉన్నది. బోరాసురా అనే మాంత్రికుడి గుహ మరొకటి ఉన్నది. అది చీకటిగా ఉంటుంది, ఉలిక్కిపడేటట్టు చేస్తుంది. కనక చంటిపిల్లలున్న తల్లులు ముందు పెద్దవాళ్ళనెవరినైనా పంపి, విచారించి పోవటం మంచిది. సినిమా తయారయ్యే విధం చూపే ప్రదర్శన మాత్రం ఇంటిల్లిపాదీ చూడవలసినది. ప్రేక్షకులలోంచి ఒకరిని పిలిచి, కదలని బండి ఎక్కించి, తోలుతున్నట్టు నటించమంటారు. మరికొందరిచేత చప్పుళ్ళు చేయిస్తారు. ఈ రెండూ, మరెక్కడో తీసిన దృశ్యమూ కలిపి తెర మీద వేస్తే, బండి దుమ్ము లేపుకుంటూ పరుగెత్తుతుంది! రేడియో నాటకాలలో కొబ్బరిచిప్పలు తాటించి గుర్రపు డెక్కల చప్పుడు పుట్టించేవారు. అది వినని పిల్లలు ఇంట్లో ఒకసారి చేసి చూడండి. గుట్టు తెలిసిపోతే సరదా పోతుందని కొందరంటారు. నా అనుభవంలో గుట్టు తెలిసిన పిల్లవాడే రెండోసారి ఎక్కువ శ్రద్ధగా చూస్తాడు.

ఇంతవరకూ కంటి సంగతీ, చెవి సంగతీ. ఇంటిల్లిపాదీ అన్నాను గదా, అసలు చిక్కు అక్కడ ఉన్నది.

వాల్ట్ డిస్నీ తన కూతుళ్ళిద్దరినీ లాస్ ఏంజెలెస్ నగరంలోని గ్రిఫిత్ పార్కుకు తీసుకుపోయేవాడు. పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే, ఆయన బల్ల మీద కూర్చుని చూస్తూ ఉండేవాడు. పిల్లలకు ఆట, తండ్రికి బల్ల! తల్లిదండ్రులూ, పిల్లలూ కలిసి సరదాపడే చోటు ఒకటి ఎందుకు ఉండకూడదని అప్పుడు ఆయనకు తోచిందట. అదే డిస్నీలాండుకు మొదలు.

ఐతే ఆ బల్ల ఇంకా ఖాళీ కాలేదు. ఏ పార్కుకైనా పోయి చూడండి. పెద్ద రోలర్ కోస్టరు దగ్గర పదిమంది అవ్వలు, తాతలు బల్లల మీద ఉంటారు. ‘అవ్వా, నువ్వూ రా!’ అని మనవడు చెయ్యి లాగుతాడు. ‘నేనెక్కడ ఎక్కేది నాయనా? మీరు పోయి రండి. సంచులు నేను చూస్తుంటాలే,’ అంటుంది అవ్వ. ఆమె దగ్గర కూడా టిక్కెట్టు డబ్బులు తీసుకున్నారు గదా! కట్టేవాళ్ళు ఈ సంగతి ఆలోచించాలి. ఆలోచించినవాళ్ళు లేకపోలేదు. 1964లో న్యూయార్కులో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో డిస్నీ మనుషులే చిన్న పడవల విహారం ఒకటి కట్టారు. మేరీ బ్లెయిర్ అనే చిత్రకారిణి దానికి రంగులు కూర్చింది. పడవ మెల్లగా పోతుంటే రెండు ఒడ్డులా దేశదేశాల పిల్లల బొమ్మలు ఆడుతూ, పాడుతూ ఉంటాయి. కుదుపు లేదు, భయం లేదు. చంటిబిడ్డా, బిడ్డ ముత్తవ్వా ఒకే పడవలో కూర్చోవచ్చు. 1966లో దాన్ని డిస్నీలాండుకు తరలించారు, ఇప్పటికీ నడుస్తున్నది. వేగం లేకపోయినా జనం ఎక్కుతూనే ఉన్నారు.

వేగంగా పోయేవాటి దగ్గర మరొక సంగతి ఉన్నది. ఇది తల్లిదండ్రులు చదివి పిల్లలకు చెప్పాలి. అటువంటివాటి గుమ్మంలో కొలతకర్ర ఉంటుంది. ఒకదానికి 120 సెంటీమీటర్లు, మరొకదానికి 140, ఇలా రాసి ఉంటుంది. రెండు వేళ్ళు తక్కువైన పిల్లవాణ్ణి మడమలెత్తి నిలబడమని, జుట్టు పైకి దువ్వి, ‘పోనీలే సార్’ అని బతిమాలే తండ్రులున్నారు. పిల్లవాడు ఏడుస్తాడని వాళ్ళ బాధ. ఆ కర్ర ఎందుకున్నదో తెలిస్తే వాళ్ళు అలా చేయరు. బండి మిట్ట ఎక్కి ఒక్కసారిగా కిందికి దిగేటప్పుడు, మన శరీరం ముందున్న దారినే పోవాలని చూస్తుంది. బస్సు వంతెన మీదినుంచి దిగేటప్పుడు కడుపులో జిల్లుమంటుంది చూడండి, అదే ఇది. అప్పుడు మనిషి సీటులోంచి పైకి లేస్తాడు. తొడల మీది కడ్డీయో, భుజాల మీది పట్టెడో అతన్ని పట్టి ఉంచుతుంది. అది ఫలానా ఎత్తు, ఫలానా ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి సరిపోయేటట్టు చేసినది. పొట్టి పిల్లవాడికి దానికీ ఒంటికీ మధ్య ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీయే ప్రమాదం. కర్రను మోసం చేయవచ్చు గాని కడ్డీని మోసం చేయలేరు. పిల్లలూ, మీ ఎత్తు ఇంటి దగ్గరే గోడ మీద కొలుచుకుని పోండి. ఏది ఎక్కవచ్చో, ఏది వచ్చే ఏటికి వాయిదా వేయాలో ముందే తెలిసిపోతుంది, గుమ్మంలో ఏడుపు ఉండదు.

ఇక నీళ్ళూ, నీడా. డిస్నీలాండు తెరిచిన రోజున ఎండ మండిపోయింది. దొంగ టిక్కెట్లతో కూడా వేలకొద్దీ జనం వచ్చిపడ్డారు. కొత్తగా పోసిన తారు మెత్తబడి ఆడవాళ్ళ జోళ్ళ మడమలు దిగబడ్డాయి. గొట్టాలు బిగించే పనివాళ్ళు అంతకుముందు సమ్మెలో ఉండటంచేత, మరుగుదొడ్లకు నీళ్ళు ఇవ్వాలా, తాగే కుళాయిలకు ఇవ్వాలా అనే సమస్య వచ్చింది. డిస్నీ మరుగుదొడ్లే ముందన్నాడు. ఎంత అందమైన కోట ఐతేనేం, దాహమైన పిల్లవాడికి కోట కనబడుతుందా? మే నెల నెల్లూరు ఎండ ఎరిగినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

మన వైపువాళ్ళకు హైదరాబాదు కంటే చెన్నపట్నం దగ్గర. ఆ ఊరికి దక్షిణాన తిరుప్పోరూరు దగ్గర 2025 డిసెంబరులో వండర్లా వాళ్ళు కొత్త పార్కు తెరిచారు. హైదరాబాదులో 2016లో తెరిచినవాళ్ళే వీళ్ళు. చెన్నపట్నం పార్కులో ‘తంజోరా’ అనే పెద్ద రోలర్ కోస్టరు ఉన్నది. దానిలో బండి పట్టాల మీద పోదు, పట్టాల కింద వేలాడుతూ పోతుంది! స్విట్జర్లాండు కంపెనీ తయారుచేసినది. ఐనా పేరు వినగానే తంజావూరు గుర్తుకు వస్తుంది. యంత్రం ఎక్కడిదైనా, దాని చుట్టూ అల్లే కథ మాత్రం ఇక్కడి నేలలో దొరకాలని వాళ్ళకు తోచినందుకు నాకు సంతోషంగా ఉన్నది. రాకుమారి కోటలు ఎన్నని చూస్తాం?

మన నేలలో కథలకు కరువా? వెంకటాచలం నుంచి దక్షిణంగా పోతే సూళ్ళూరుపేట, పులికాటు సరస్సు. చలికాలంలో ఫ్లెమింగోలు వేలకొద్దీ వచ్చి, గులాబిరంగు గుడ్డ పరిచినట్టు నీళ్ళలో నిలబడతాయి. నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద గూళ్ళు కడతాయి. సరస్సుకు అవతల శ్రీహరికోట నుంచి రాకెట్లు లేస్తాయి. మెల్లగా సాగే పడవ, రెండు పక్కలా పక్షుల బొమ్మలు, చివర ఎక్కడో దూరాన ఉరుము, వెలుగు. అవ్వ కూడా ఎక్కవచ్చు.

అటువంటిది మీరే అట్టపెట్టెలో కట్టి చూడండి. ముందు ఒక లెక్క చేయాలి. నాలుగడుగుల ఫ్లెమింగో నిజంగా 80 అడుగుల దూరాన నిలబడినట్టు కనిపించాలి. కాని మీ పడవకూ వెనక గోడకూ నడుమ ఉన్న చోటు 20 అడుగులే. అప్పుడు గోడ దగ్గర ఎంత ఎత్తు బొమ్మను పెట్టాలి? దూరం నాలుగోవంతు ఐనప్పుడు ఎత్తు కూడా నాలుగోవంతు కావాలి, అంటే ఒక్క అడుగు. పడవ పక్కన నిలబెట్టే బొమ్మ మాత్రం పూర్తిగా నాలుగడుగులూ ఉండాలి. అట్టపెట్టెలోకి దించేటప్పుడు అడుగుకు ఒక అంగుళం చొప్పున వేసుకోండి. ముందు పక్షి నాలుగు అంగుళాలు, వెనక పక్షి ఒక అంగుళం, రెండింటికీ నడుమ కొద్దిగా నీలికాగితం. పెట్టె ముందువైపు చిన్న బెజ్జం చేసి, ఒక కన్ను మూసి రెండో కంటితో లోపలికి చూడండి.