కచేరీకి వెళ్ళే ముందు: రామదాసు పాట, వివాల్డి వయొలిన్, మన పిల్లలు



మొన్నటి పేరెంట్స్ మీటింగులో ఒక తండ్రి అడిగారు. "మావాడు ఎనిమిదో తరగతికి వచ్చేశాడు సార్. వయొలిన్ మాన్పించి ఆ గంట మ్యాథ్స్‌కి ఇద్దామనుకుంటున్నాం. ఏమంటారు?" ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఏదో చెప్పి పంపించాను. ఇంటికెళ్ళాక తట్టింది, ఆయన్ని ఒక ఎదురు ప్రశ్న అడగాల్సిందని. "మూడేళ్ళుగా నేర్చుకుంటున్నాడు కదా, వాణ్ణి ఒక్క కచేరీకైనా తీసుకెళ్ళారా?"

మన పిల్లల్లో చాలామందిది ఇదే పరిస్థితి. సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, ఆపైన యాన్యువల్ డేకి ఒక పాట. కానీ నలుగురు సంగీతకారులు ఒకచోట కూర్చుని, ఒకరినొకరు వింటూ వాయిస్తుంటే పది అడుగుల దూరంలో కూర్చుని విన్న పిల్లలు మాత్రం అరుదు. క్రికెట్ మ్యాచ్ ఒక్కటీ చూడనివ్వకుండా నెట్స్‌లో బ్యాటింగ్ నేర్పుతున్నట్టుంది మన పద్ధతి.

దూరం వెళ్ళక్కర్లేదు. భక్త రామదాసు జయంతి సందర్భంగా భద్రాచలంలో ఏటా వాగ్గేయకారోత్సవాలు జరుగుతాయి. తిరువైయారులో త్యాగరాజ పంచరత్నాలు పాడినట్టే ఇక్కడ రామదాసు నవరత్న కీర్తనలను గోష్ఠిగా పాడతారు. పెద్ద విద్వాంసుల మధ్యలోనే సంగీత కళాశాలల విద్యార్థులు, మన పిల్లల కంటే నాలుగైదేళ్ళు మాత్రమే పెద్దవాళ్ళు, కూర్చుని ఉంటారు. మీ అబ్బాయి, అమ్మాయి చూడాల్సింది ముఖ్యంగా వాళ్ళను.

ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా వెళితే దారిలో పాల్వంచ వస్తుంది. అక్కడ కారు కాసేపు ఆపి పిల్లలకు చెప్పండి, రామదాసు తహసీల్దారుగా పనిచేసిన పరగణా ఇదేనని. అసలు పేరు కంచర్ల గోపన్న. పుట్టింది మన జిల్లా నేలకొండపల్లిలో. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా కొలువులో పెద్ద పదవుల్లో ఉన్న అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలు. వసూలు చేసిన శిస్తు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, ఆ నేరానికి గోల్కొండలో ఖైదయ్యాడు. ఆ బందీఖానాను ఇప్పటికీ కోటలో చూపిస్తారు. చెరలో ఉండి పాడిన కీర్తనల్లో ఒకటి నాకెప్పుడూ ఆశ్చర్యమే. ఏ నగకు ఎంత ఖర్చయిందో లెక్క చెబుతూ రాముణ్ణి నిలదీస్తాడు. తహసీల్దారు కదా, కోపంలో కూడా పద్దు తప్పలేదు!

ఇప్పుడు అదే కాలంలో యూరప్ వైపు చూద్దాం. తానీషా పాలించింది 1672 నుంచి 1687 వరకు. వెనిస్‌లో వివాల్డి పుట్టింది 1678లో. బాఖ్, హాండెల్ ఇద్దరూ 1685లో పుట్టారు. వయొలిన్ తయారీలో ఇప్పటికీ మించినవాడు లేడనిపించుకున్న స్ట్రాడివారి అప్పటికి క్రెమోనాలో కొయ్య చెక్కుతున్నాడు. సుమారు 1600 నుంచి 1750 దాకా సాగిన ఆ సంగీతాన్ని బరోక్ అంటారు. వంకర ముత్యం అనే అర్థమున్న పోర్చుగీసు మాట నుంచి ఆ పేరు వచ్చిందంటారు. శ్రీరామనవమికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ తానీషాతో మొదలైందని మన దగ్గర చెప్పుకుంటాం. ముత్యానికీ పాటకీ ఆ శతాబ్దంలో ఏదో చుట్టరికం ఉన్నట్టుంది.

మీ ఇంట్లో ఇంటర్నెట్ ఉంది కాబట్టి చిన్న పని చెబుతాను. భద్రాచలం వెళ్ళే ముందు వారం, యువ సంగీత విద్యార్థులు వాయించిన బరోక్ చాంబర్ కచేరీ వీడియో ఒకటి పిల్లలతో కలిసి చూడండి. చాంబర్ అంటే గది. మైదానాలకో పెద్ద హాళ్ళకో కాదు, ఒక గదిలో కొద్దిమంది వినడానికి కొద్దిమంది వాయించే సంగీతం అది. రెండు వయొలిన్లు, ఒక చెల్లో, ఒక హార్ప్సికార్డ్ చాలు. ఎదుట నిలబడి కర్ర ఊపే కండక్టర్ ఉండడు. మరి అందరూ ఒకేసారి ఎలా మొదలుపెడతారు? మొదటి వయొలిన్ వాయించే అమ్మాయి ఊపిరి తీసుకోవడం గమనించండి. ఆ ఊపిరే సైగ. మిగతా ముగ్గురి కళ్ళూ అక్కడే ఉంటాయి. తర్వాత మన కచేరీలో చూడండి. తాళం వేసే చెయ్యి, తల ఊపు, మృదంగం వైపు ఒక చూపు. పని ఒకటే, సైగలే వేరు.

హార్ప్సికార్డ్ పియానోలా కనిపిస్తుంది గానీ పని చేసేది వీణలా. మెట్టు నొక్కితే లోపల చిన్న ములుకు తీగను మీటుతుంది. ఎంత గట్టిగా నొక్కినా మోతలో పెద్దగా తేడా ఉండదు. అది వాయించే విద్యార్థి ముందున్న కాగితం చూస్తే మీకు నవ్వొస్తుంది. ఎడమ చేతికి ఒక వరస స్వరాలు, వాటి పక్కన అక్కడక్కడా 6, 7 లాంటి అంకెలు, అంతే. కుడి చేయి ఏం వాయించాలో పూర్తిగా రాసి ఉండదు. ఆ అంకెలను బట్టి అప్పటికప్పుడు అల్లుకోవాలి. పాశ్చాత్య సంగీతమంటే కాగితం చూసి వాయించడమే, మనది మాత్రమే మనోధర్మం అని మనం అనుకుంటూ ఉంటాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఆ కాలానికి అది సరికాదు.

ఇంకొక పోలిక. ఆనాటి ఒపెరా పాటల్లో మొదటి భాగం, రెండో భాగం అయ్యాక మళ్ళీ మొదటికి వస్తారు. దాన్ని డా కాపో అంటారు, "మొదటి నుంచి" అని. తిరిగి వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు పాడితే ఆనాటి శ్రోతలు మెచ్చేవారు కాదు. కొత్త నగిషీలు పెట్టాలి. మనం పల్లవికి తిరిగొచ్చినప్పుడల్లా సంగతులు వేసినట్టే. పిల్లలకు ఈ ఒక్కటి చెప్పి, "రెండోసారి ఏం మార్చారో కనిపెట్టు" అనండి. పదేళ్ళ పిల్లలు పెద్దవాళ్ళకంటే ముందు పట్టుకుంటారు. ఇది నేను క్లాసులో చాలాసార్లు చూశాను.

మ్యాథ్స్, ఫిజిక్స్ అడిగే తల్లిదండ్రుల కోసం శ్రుతి గురించి కూడా రెండు మాటలు. షడ్జమం, పంచమాల కంపన నిష్పత్తి 2:3. ఇప్పటి ఆర్కెస్ట్రాలు ధైవతానికి సమానమైన 'ఎ' స్వరాన్ని మామూలుగా 440 హెర్ట్జ్‌కు పెట్టుకుంటే, బరోక్ బృందాలు ఎక్కువగా 415కి, అంటే సుమారు అర స్వరం కిందికి పెట్టుకుంటాయి. మనకు ఆ పట్టింపు లేదు, గాయకుడి గొంతే కొలమానం. పేగు తీగలు గదిలో వేడికీ తేమకూ సడలిపోతాయి కాబట్టి వాళ్ళు పాటకూ పాటకూ మధ్య శ్రుతి చేసుకుంటారు. మన మృదంగ విద్వాంసులు అంచు మీద తట్టుకుంటూ ఉండేదీ అందుకే. "ఇంకా మొదలుపెట్టరేంటి?" అని పిల్లలు విసుక్కుంటే, ఇప్పుడు జరుగుతున్నది కూడా సంగీతమేనని చెప్పండి.

వయొలిన్ మన దగ్గరికి వచ్చిన కథ చిన్నదే. ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ మద్రాసు ప్రాంతంలో పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. వాళ్ళు గడ్డం కింద పెట్టుకుంటే మనం కింద కూర్చుని ఒక కొన ఛాతీకి, ఒక కొన పాదానికి ఆనిస్తాం. చెయ్యికి బరువు తగ్గి గమకాలకు వేళ్ళు స్వేచ్ఛగా జారతాయి. ఆ వయొలిన్‌తో తెలుగువారికి పేరు తెచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పింది 1919లో విజయనగరంలో మొదలైన సంగీత కళాశాలలో. కొలువులోని ఒక ఉద్యోగి కొడుకు, చూపులేని పిల్లవాడి చదువు కోసం మహారాజు ఆ కళాశాల పెట్టారని చెబుతారు. ఘంటసాల చదివిందీ అక్కడే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. సంగీత కళాశాలను ఇటలీలో కన్సర్వెటోరియో అంటారు. ఆ మాటకు మొదట సంగీతంతో సంబంధమే లేదు. నేపుల్స్‌లో దిక్కులేని పిల్లలను కాపాడే ఆశ్రమాల పేరది. పిల్లలకు బతుకుతెరువు కోసం సంగీతం నేర్పారు, క్రమంగా ఆశ్రమం పేరే కళాశాల పేరైంది. వివాల్డి కూడా 1703 నుంచి వెనిస్‌లో విడిచిపెట్టిన పసిపాపలను పెంచే ఆశ్రమంలో ఆడపిల్లలకు వయొలిన్ నేర్పాడు. ఆయన రచనలు ఎన్నో ఆ అమ్మాయిల కోసం రాసినవే. సంగీతం డబ్బున్నవాళ్ళ సరదా అనుకునేవారికి ఈ చరిత్ర కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

ఆయన పోయాక సుమారు రెండు వందల ఏళ్ళు వివాల్డిని దాదాపుగా మరిచిపోయారు. 1926లో ఇటలీలో ఒక బోర్డింగ్ స్కూలు, భవనం మరమ్మతులకు డబ్బు చాలక పాత పుస్తకాలు అమ్మబోతే, ఆ కట్టల్లో ఆయన రాతప్రతులు బయటపడ్డాయి. (మన స్కూలు బీరువాలు కూడా ఒకసారి చూసుకోవాలి.) రామదాసుకు అలాంటి కట్టలు లేవు. భజన బృందాల నోటి మీదే ఆయన కీర్తనలు బతికాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పాడాక రేడియోల్లో, రికార్డుల్లో ఇంటింటికీ చేరాయి.

నోటి మీద బతికే సంగీతం మన అడవి అంచున ఇంకొకటి ఉంది. మణుగూరు వైపు కోయ గూడేల్లో డోలీలు కంచు మేళంతో సమ్మక్క సారలమ్మ కథలు, వంశ కథలు పాడతారు. ఆ విద్యకు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. రామదాసు కీర్తనలకు ఇప్పుడు స్వరపరచిన పుస్తకాలున్నాయి, కాలేజీలున్నాయి. కోయ పాటకు విన్నవాళ్ళే పుస్తకం. భద్రాచలం వెళ్ళినప్పుడు ఐటీడీఏ ప్రాంగణంలోని గిరిజన మ్యూజియం కూడా చూడండి. మన తరగతుల్లో కోయ ఇళ్ళ పిల్లలూ ఉన్నారు, వాళ్ళ ఇంట్లో ఏం పాడతారో మీ పిల్లలు ఎప్పుడైనా అడిగారా?

ఆ తండ్రి ప్రశ్నకు వస్తాను. మాన్పించాలా వద్దా అన్నది మీ నిర్ణయం. సంగీతం వల్ల మార్కులు పెరుగుతాయని నేను మాట ఇవ్వను. అలా ఇచ్చేవాళ్ళను నమ్మకండి కూడా. నేను కోరేది వరస మార్చమని. ముందు కచేరీ, తర్వాత నిర్ణయం. ఒకసారి విన్నాక కూడా పిల్లవాడు "నాకొద్దు" అంటే హాయిగా మాన్పించండి. వినకముందే మాన్పిస్తే మాత్రం, వాడికి ఏది వద్దన్నామో వాడికీ తెలియదు, మనకూ తెలియదు.

వెళ్ళేటప్పుడు వేదికకు పక్కగా కూర్చోండి. వయొలిన్ వాయించేవారి వేళ్ళు అక్కణ్ణుంచి బాగా కనిపిస్తాయి. మూడు గంటలు కదలకుండా కూర్చోవాలని పిల్లలను కట్టేయకండి, నలభై నిమిషాలు చాలు. ఫోన్‌లో రికార్డు చేసే పని ఇంట్లో ఒక్కరికే అప్పగించండి. తిరుగు ప్రయాణంలో "ఏం నేర్చుకున్నావ్?" అని అడగొద్దు. గోదావరి వంతెన దాటేదాకా ఆగి, "ఎవరు ఎవరి వైపు చూశారు?" అని అడిగి చూడండి.