కాలవ పూడిక, సముద్రపు ఒడ్డు

మా ఊళ్లో ఏటా తొలకరికి ముందే చెరువు కాలవ పూడిక తీస్తారు. ఎకరానికి ఒక మనిషి లెక్క. మనిషిని పంపలేనివాడు కూలి సొమ్ము కట్టాలి. ఒక ఏడు తూము దగ్గర పొలమున్న ఆసామి మనిషినీ పంపలేదు, సొమ్మూ కట్టలేదు. "నా మడికి నీళ్లెలాగూ వస్తాయి" అన్నాడు. నిజమే, వచ్చాయి. రానిది ఆయకట్టు చివరనున్న మా మడికి. ఆయన్ని చూసి మరుసటి ఏడు ఇంకో నలుగురు మానేశారు. ఆ ఏడు మా నాన్న నాటిన వరి సగం ఎండిపోయింది.

సైన్సు విద్యార్థికి ఈ కాలవ గోల ఏమిటని మిత్రులు నవ్వవచ్చు. మొన్న సంక్రాంతి సెలవుల్లో యారాడ వెళ్లినప్పుడు నాకీ కాలవే గుర్తొచ్చింది.

గాజువాక నుంచి మల్కాపురం, సింధియా దాటి, కొండ ఎక్కి దిగితే యారాడ. ఒక పక్క కొబ్బరితోటలు, ఎదురుగా సముద్రం. మా మేనమామ అక్కడ కొబ్బరిబొండాలు అమ్ముతాడు. ఆదివారం సాయంత్రం జనం వెళ్లిపోయాక ఒడ్డు చూడాలి! ప్లాస్టిక్ గ్లాసులు, సీసాలు, చిప్స్ కవర్లు, మా మావ కొట్టిన బొండాల డొక్కలు కూడా. (పిక్నిక్‌కు వెళ్లిన మన హాస్టలు మిత్రుల విస్తళ్లనూ లెక్కలో కలుపుకోవాలి.)

"ఇదంతా ఎవరు తుడుస్తారు మావా?"

"ఎవడి బండి ముందు ఆడే."

"మిగతాది?"

"సముద్రం."

ఆ ఒడ్డు మీద బతికేవాళ్లు ఎందరో. ఆటోవాళ్లు, టిఫిన్ బళ్లవాళ్లు, కార్లు అద్దెకిచ్చేవాళ్లు, ఊళ్లో పెద్ద హోటళ్లవాళ్లు. అందరూ పల్లకీ ఎక్కేవారే, మోసేవారు లేరు. ఒక్కడు మంచి మనసుతో తుడిపిస్తే లాభం అందరిదీ, ఖర్చు ఒక్కడిదీ. అందుకే చందాలతో ఈ పని ఎక్కువ రోజులు సాగదు. తూము దగ్గరి ఆసామి ప్రతిచోటా ఉంటాడు.

దీనికి విరుగుడు కెనడాలో టొరాంటో నగరపు దుకాణదారులు కనిపెట్టారు. బ్లూర్ వీధి కింద రైలు వచ్చాక, ఊరి బయట పెద్ద మాల్‌లు లేచాక, పడమటి వైపు దుకాణాలకు బేరం తగ్గింది. కొందరు చందాలేసుకుంటే మరికొందరు తప్పుకునేవారు. చివరికి చట్టం తెప్పించుకుని 1970లో ఆ పేటలోని దుకాణాలన్నీ తప్పకుండా వాటా కట్టే ఏర్పాటు చేశారు. ఆ సొమ్మును పన్నుతోపాటు నగరపాలకులే వసూలు చేస్తారు, కానీ ఖర్చు పెట్టేది ఆ పేట వర్తకుల బోర్డు. తర్వాత పర్యాటకులతో బతికే ఊళ్లు ఇదే పద్ధతి పట్టాయి. కాలిఫోర్నియాలో చాలాచోట్ల హోటలు గది అద్దె మీద కొద్దిపాటి వాటా వేస్తారు. స్కాట్లండులో నెస్ సరస్సు చుట్టుపక్కల వ్యాపారులు 2014లో ఇలాంటి ఏర్పాటుకే ఓటేశారు. లేని జంతువును చూపించి వాళ్లింత చేసుకుంటే, ఉన్న సముద్రానికి మనమేం చేసుకోలేం?

నాకు నచ్చింది ఇంగ్లండు చట్టంలోని ఓటు నియమం. ఓటేసినవాళ్లలో తలలు లెక్కపెట్టినా అవుననాలి, ఆస్తి విలువ లెక్కపెట్టినా అవుననాలి. రెండూ కుదిరితేనే వాటా ఖాయం. అంటే పెద్ద హోటళ్లు కూడబలుక్కుని చిన్నవాళ్ల నెత్తిన రుద్దలేవు, చిన్నవాళ్లంతా కలిసి పెద్దవాళ్లను దోచలేరు. ఐదేళ్లకు మించి సాగాలంటే మళ్లీ ఓటే.

మనకిది బొత్తిగా కొత్తేమీ కాదు. పూర్వం మద్రాసు రాష్ట్రంలో చెరువు మరామత్తుకు రైతులు పనిచేయడాన్ని కుడిమరామత్తు అనేవారు. రానివాడి దగ్గర సొమ్ము వసూలు చేయవచ్చని 1858లో చట్టమే వచ్చింది. 1997 చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి సంఘాలు ఏర్పడ్డాయి. ఏపీఐఐసీ పారిశ్రామికవాడల్లో ఫ్యాక్టరీలు కట్టే ఆస్తిపన్నులో 35 శాతం స్థానిక సంస్థకు పోగా, మిగిలినది ఆ వాడ రోడ్లకూ దీపాలకూ వాడే ఏర్పాటుంది.

బీచి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన చూపు గేటు మీద పడుతుంది. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2023లో మనిషికి 20 రూపాయల ప్రవేశ రుసుము పెట్టబోతే జనం ఎదురుతిరిగారు, మానుకున్నారు. 2025 మొదట్లో శుభ్రత సరిగా లేదని ఆ జెండా కొన్నాళ్లు పోయి మళ్లీ వచ్చింది. సముద్రం చూడవచ్చిన కూలివాడి పిల్లల దగ్గర కాక, సముద్రం చూపించి సంపాదించేవాళ్ల దగ్గర వసూలు చేయడం న్యాయమని నా అభిప్రాయం. హోటలువాడు దాన్ని బిల్లులో వేయడా అంటే, వేస్తాడు. కానీ ఆ బిల్లు గది తీసుకున్నవాడిది.

ఇదంతా మావకు చెప్పాను. బొండాం చెక్కుతూ విన్నాడు.

"ఇస్తాం సరే, లెక్క సూపిస్తారేటి?"

"చూపించాలి. బోర్డులో మీవాళ్లూ ఉంటారు."

"మాకాడ డబ్బెక్కడిదిరా అల్లుడూ?"

"మన కాలవలాగే. డబ్బు లేనివాడు మనిషిని పంపొచ్చు. సోమవారం పొద్దున్న ఒక గంట."

"అలాగైతే నేనే వస్తాను. ఆ పెద్ద హోటలాయనొస్తాడేటి?"

"ఆయన డబ్బు కడతాడు."

"కట్టకపోతే?"

"చట్టముంటే కట్టక తప్పదు."

బొండాం నా చేతికిచ్చి, కత్తి గోనెకు తుడుచుకుంటూ అన్నాడు: "అయితే ముందు ఆయన పేరు రాయి. నాది తరవాత రాద్దుగాని."