పొగబండి పొగను మాన్పునా?

మా ప్రాంతపు పెద్దలు రైలును పొగబండి యనెడివారు. బొగ్గుపొగ గ్రక్కుచు వచ్చెను గనుక నా పేరు సార్థకమే. నేఁటి మెట్రోరైలు విద్యుత్తుతో నడచును; దానికి పొగగొట్టమే లేదు. పైఁగా నది వీథిలోని పొగను తగ్గించునందురు. ఈ మాట యెంతవఱకు నిజమో విచారింతము.

ఇది మనకుఁ బరాయి విషయము గాదు. మదనపల్లెకు రైలు ఊరికి దూరము, పుంగనూరికి లేనేలేదు, బస్సే గతి. ఒకటి చింతామణి మీఁదుగా, ఒకటి కోలారు మీఁదుగాఁ బోయి, హొసకోట దాఁటి కృష్ణరాజపురము చేరును. కుప్పమునుండి బెంగుళూరికిఁ బనికిఁ బోవువారి రైలును ఆ త్రోవనే పోవును. అచ్చటి కూడలిలో బండ్లు కదలక నిలిచి వెడలించు పొగను మన పిల్లలే పీల్చుచున్నారు. అందలి సన్నని ధూళి యూపిరితిత్తుల లోఁతులకుఁ జొచ్చును.

2023 మార్చిలో వైట్‌ఫీల్డునుండి కృష్ణరాజపురమునకు మెట్రో వచ్చెను. కాని యచ్చటినుండి బయ్యప్పనహళ్లికి సుమారు 2 కిలోమీటర్ల త్రోవ మిగిలిపోయెను. దిగి, బస్సెక్కి, మరల రైలెక్కవలయును. మోటారుసైకిలు గలవాఁ డిన్ని తిప్పలేల పడును? ఆ తునుక 2023 అక్టోబరు 9న గాని కలియలేదు.

ఇఁక ఫలిత మెంత? తైపే నగరమున 1996లో మెట్రో ప్రారంభము కాఁగా, కార్బన్ మోనాక్సైడు నూటికి 5 మొదలు 15 వంతులు తగ్గెనని చెన్, వాలీ యను ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కించిరి. పెక్కు దేశముల నగరములను బరిశీలించి 2022లో వెలువడిన మఱియొక పరిశోధనమందు, సన్నని ధూళి సగటున మాఱలేదనియు, మొదటినుండియు మలినమైన నగరములలో మాత్రము నడిబొడ్డున నూటికి 4 వంతులు తగ్గెననియుఁ దేలెను. ఈ రెండింటికి వైరుధ్యము లేదు. మొదటి వాయువు పట్టణములలో ముఖ్యముగా బండ్ల యింజనులనుండి పుట్టును. ధూళియో, కట్టడములనుండియు, చెత్తమంటలనుండియు, మట్టిరోడ్లనుండియుఁ గూడ లేచును. వానిని రైలేమి చేయఁగలదు? మఱియు నొకఁడు కారు విడిచి రైలెక్కఁగా, ఖాళీయైన రోడ్డు చూచి వేఱొకఁడు కారు తీయును. విద్యుత్తు బొగ్గునుండి వచ్చినచోఁ బొగ మఱియొక యూరికిఁ దరలినదే గాని నశింపలేదు.

కావున రైలుతోఁబాటు రోడ్డునకును గట్టడి కావలయునని నా తలఁపు. మన బస్సులు కృష్ణరాజపురమునందే నిలిచిన, నగరములోనికి వానిపొగ పోదు. ఈ మాట నంటే, మూటలతో మెట్రో మెట్లెవ్వరెక్కుదురని మా పొరుగు ముసలమ్మ కోపించినది. ఆమె మాటయుఁ గొట్టివేయఁదగినది కాదు.