టోల్ రహదారుల్లో ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం: ఆర్థిక వైఫల్యం – కారణాలు

వ్యాససంగ్రహం:
టోల్ రహదారుల సంస్థలు అప్పుల్లో కూరుకుపోవడానికి వాహనాల సంఖ్య తగ్గడమే కారణమని సాధారణంగా భావిస్తారు. ఆశావహ అంచనాకే పట్టం కట్టే టెండరు పద్ధతి, రాబడికీ రుణ వాయిదాలకూ కాలం కుదరని ఒప్పంద స్వరూపం అంతకంటె మౌలికమైన కారణాలని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: టోల్ రుసుము, బీఓటీ, ప్రీమియం, విజేత శాపం, హైబ్రిడ్ యాన్యుటీ.

1. ఉపోద్ఘాతం:
నిర్మాణం, నిర్వహణ, బదిలీ అనే మూడు దశల పద్ధతిని బీఓటీ అని వ్యవహరిస్తారు. ఇందులో ప్రైవేటు సంస్థ సొంత మూలధనంతోను, బ్యాంకు రుణంతోను రహదారిని నిర్మించి, ఒప్పంద కాలమంతా టోల్ వసూలు చేసుకొని, పిమ్మట ప్రభుత్వానికి అప్పగిస్తుంది. వాహనాలు తగ్గితే నష్టం సంస్థదే. ఖజానాపై భారం లేకుండా రహదారులు ఏర్పడతాయన్నది ఈ విధానానికి మూలమైన ఆశ.

2. టెండరు – విజేత శాపం:
తక్కువ గ్రాంటు కోరిన సంస్థకు, లేదా ప్రభుత్వానికే ఎక్కువ ప్రీమియం ఇవ్వజూపిన సంస్థకు పని దక్కుతుంది. రహదారి ఒకటే, దానిపై తిరగబోయే వాహనాలూ అవే. పోటీదారుల మధ్య తేడా చాలావరకు అంచనాలదే. కాబట్టి అందరికంటె ఎక్కువ ఆశతో లెక్కవేసినవారే గెలుస్తారు. అర్థశాస్త్రంలో దీనిని ‘విజేత శాపం’ అంటారు.

కిషన్‌గఢ్–ఉదయపూర్–అహ్మదాబాద్ రహదారి ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. 555 కిలోమీటర్ల ఈ పనిని 2011లో జీఎంఆర్ సంస్థ ఏటా 636 కోట్ల రూపాయల ప్రీమియం, దానిపై ప్రతి సంవత్సరం 5 శాతం పెంపు ఇవ్వజూపి దక్కించుకొంది. 2013 జనవరిలో అనుమతుల జాప్యాన్ని కారణంగా చూపి వైదొలగుతున్నట్లు ప్రకటించింది. ఆర్థిక వృద్ధి మందగించిన ఆ కాలంలోనే ఇతర సంస్థలూ ప్రీమియం భారం మోయలేమని మొరపెట్టుకోగా, చెల్లింపుల వాయిదాకు కేంద్ర మంత్రివర్గం అదే ఏడాది అక్టోబరులో సమ్మతించింది.

ఇది భారతదేశానికే పరిమితం కాదు. సిడ్నీలో 2005లో ప్రారంభమైన క్రాస్ సిటీ సొరంగ మార్గానికి రోజుకు సుమారు 90,000 వాహనాలు వస్తాయని అంచనా వేశారు. వచ్చినవి అందులో మూడో వంతు మాత్రమే. 2006 చివరికి సంస్థ రుణదాతల అధీనంలోకి వెళ్ళింది.

3. రాబడి – రుణ వాయిదాలు:
ఒక ఊహాత్మక లెక్కతో దీనిని గ్రహించవచ్చు. ఒక రహదారిపై ఏటా 100 కోట్ల రాబడి అంచనా వేశారనుకొందాం. నిర్వహణకు 15 కోట్లు, అసలు, వడ్డీలకు 70 కోట్లు పోగా 15 కోట్లు మిగలాలి. వాహనాలు ఐదో వంతు తగ్గితే రాబడి 80 కోట్లు; వ్యయం మాత్రం 85 కోట్లే. అంటే మిగులు మొత్తం పోయి, 5 కోట్ల లోటు ఏర్పడుతుంది.

ఈ లోటును రుసుము పెంచి పూడ్చుకొనే వీలు లేదు. 2008 నాటి రుసుము నియమాల ప్రకారం ఏటా 3 శాతం, టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం మేరకే టోల్ పెరుగుతుంది. వాహనాలు తగ్గితే ఒప్పంద కాలాన్ని పొడిగించే నిబంధన ఉన్నప్పటికీ, దాని ఫలం దక్కేది చివరి సంవత్సరాల్లో. బ్యాంకు వాయిదా మాత్రం తొలి సంవత్సరాల్లోనే గడప తొక్కుతుంది.

4. నష్టం ఎవరిది?
సంస్థ కుప్పకూలినా రహదారి అక్కడే ఉంటుంది, మిగిలేది అప్పు. భారతదేశంలో ఈ రుణాల్లో అధికభాగం ప్రభుత్వరంగ బ్యాంకులవి. రుణం మొండి బాకీగా మారినప్పుడు ఆ బ్యాంకులకు మూలధనం సమకూర్చవలసింది ప్రభుత్వమే. ప్రైవేటు సంస్థకు బదిలీ చేశామనుకొన్న నష్టభయం ఈ దారిన ప్రజాధనం వద్దకే తిరిగి చేరుతుంది.

5. ముగింపు:
2016లో ఆమోదం పొందిన హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి ఈ అనుభవానికి ఫలితం. ఇందులో ప్రభుత్వం వ్యయంలో 40 శాతాన్ని నిర్మాణ దశలోనే చెల్లించి, తక్కినదాన్ని వాయిదాలుగా ఇస్తుంది. టోల్ రాబడితోపాటు దాని హెచ్చుతగ్గులూ ప్రభుత్వానివే. దీనివల్ల నష్టభయం తొలగిపోలేదు. దానిని భరించేది ఎవరన్నది ముందే స్పష్టమైంది. భాగస్వామ్య ఒప్పందాలను అంచనా వేసేటప్పుడు రహదారిని ఎవరు నిర్మిస్తున్నారన్న ప్రశ్నకంటె, లెక్క తప్పినప్పుడు ఎవరు చెల్లిస్తారన్న ప్రశ్నే ప్రధానం కావాలి.