కుళ్ళిన గుడ్ల వాసన ఆగిపోయిందా? అప్పుడే భయపడాలి: ఫార్మా యూనిట్లలో హైడ్రోజన్ సల్ఫైడ్

ద్వారకా నగర్‌లో మన మామూలు గదిలోనే రికార్డింగ్. మధ్యలో కాంప్లెక్స్ బస్సుల హారన్లు వినిపిస్తే కాస్త సర్దుకోండి.

మొన్న ఈ వీధిలోనే టీ కొట్టు దగ్గర ఒక కుర్రాడు కలిశాడు. బీఎస్సీ కెమిస్ట్రీ అయ్యాక పరవాడ వైపు ఒక యూనిట్‌లో ప్రొడక్షన్‌లో చేరాడట, మూడు నెలలైంది. నైట్ షిఫ్ట్ బస్సు కోసం నిలబడ్డాడు. మాటల్లో ఇలా అన్నాడు: "సార్, మా బ్లాక్‌లో అప్పుడప్పుడు కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది. రెండు నిమిషాలకి పోతుంది. పోయాక పనిలోకి వెళ్ళిపోవచ్చని మా సీనియర్ చెప్పాడు."

ఆ సీనియర్‌ది చెడ్డ ఉద్దేశం కాదు. తనకి ఎవరో అలాగే చెప్పి ఉంటారు. కానీ ఈ మాట మనిషి ప్రాణం తీసే మాట. అందుకే అనుకున్న టాపిక్ పక్కన పెట్టి ఈరోజు దీని గురించే మాట్లాడుతున్నాను.

ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. గాలిలో పది లక్షల భాగాలకి ఒక భాగం ఉంటే ఒక పీపీఎం అంటాం కదా, అందులో పదోవంతు కంటే తక్కువున్నా మన ముక్కు పట్టేస్తుంది. అంతవరకు మంచిదే. కానీ 100 పీపీఎం దాటాక ఏమవుతుందంటే, వాసన పట్టే నరాలు కొద్ది నిమిషాల్లోనే మొద్దుబారిపోతాయి. ఇంకా పైకి వెళితే దాదాపు వెంటనే. గ్యాస్ తగ్గలేదు, పెరిగింది. తగ్గింది మన ముక్కు పనితనం. లోపలున్న మనిషికి మాత్రం "అమ్మయ్య, పోయింది" అనిపిస్తుంది.

అంకెలు కొన్ని చెప్తాను, రాసుకోండి. రోజంతా పనిచేసే చోట 10 పీపీఎం దాటకూడదని మన పాత ఫ్యాక్టరీల చట్టం షెడ్యూల్లో పెట్టారు. 100 పీపీఎం అంటే ప్రాణానికి తక్షణ ప్రమాదం అని అమెరికా సంస్థ నియోష్ లెక్క. అంటే వాసన ఆగిపోయే గీత, ప్రాణాపాయం మొదలయ్యే గీత రెండూ ఒకచోటే ఉన్నాయి. 500 దాటితే నిమిషాల్లో కుప్పకూలుతారు. 1000 దాటితే ఒకటి రెండు ఊపిరులకే పడిపోవచ్చు. అరిచే టైం కూడా ఉండదు.

లోపల ఏం చేస్తుంది? మన కణాలు ఆక్సిజన్‌ని వాడుకునే చోట ఒక ఎంజైమ్ ఉంటుంది, దాన్ని పట్టేస్తుంది. సైనైడ్ చేసే పనే ఇంచుమించు. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణం వాడుకోలేదు. అందుకే వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో అంకె బాగానే కనబడొచ్చు. ఆ అంకె చూసి ధైర్యపడకండి.

ఇది పుస్తకాల్లో సంగతి అనుకోకండి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ లీకై పన్నెండు మంది పోయారు, అది అందరికీ గుర్తుంది. రెండు నెలలు తిరక్కుండానే, జూన్ 29 అర్ధరాత్రి దగ్గర, పరవాడ ఫార్మా సిటీలో సాయినార్ లైఫ్ సైన్సెస్‌లో గ్యాస్ లీకైంది. షిఫ్ట్‌లో ఉన్న ఇద్దరు చనిపోయారు, నలుగురు ఆస్పత్రి పాలయ్యారు. పొద్దున్న మొదటి వార్తల్లో బెంజిమిడజోల్ ఆవిరి అన్నారు. తర్వాత తేలింది హైడ్రోజన్ సల్ఫైడ్ అని. బెంజిమిడజోల్ గది వేడికి పొడిగా ఉండే పదార్థం, కరగడానికే 170 డిగ్రీలు కావాలి. ఆ పేరు వినగానే నాకు తేడాగా అనిపించింది. పేరు తేడా చిన్న విషయం కాదండీ. పేరు తప్పితే ఆస్పత్రిలో డాక్టరు ఆలోచన కూడా తప్పు దారిలో మొదలవుతుంది.

ఈ గ్యాస్‌తో అసలు చిక్కు అక్కడే ఉంది. దీనికి డ్రమ్ము ఉండదు. స్టోర్స్‌కి వెళ్ళి ఎంత వెతికినా హైడ్రోజన్ సల్ఫైడ్ అన్న లేబుల్ మీకు దొరక్కపోవచ్చు. ఇది మన చేతుల్లోనే, పని మధ్యలో పుడుతుంది.

ఎలాగంటే, మందుల తయారీలో గంధకం ఉన్న పదార్థాలు చాలా వాడతాం. సోడియం సల్ఫైడ్, సోడియం హైడ్రోసల్ఫైడ్, ఫాస్ఫరస్ పెంటాసల్ఫైడ్ లాంటివి. మొదటి రెండూ క్షారంలో ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటాయి. ఆమ్లం తగిలిందా, గ్యాస్ బయటికొచ్చేస్తుంది. ఫాస్ఫరస్ పెంటాసల్ఫైడ్‌కి అయితే ఆమ్లం కూడా అక్కర్లేదు, తేమ చాలు.

గ్యాస్ వచ్చే రియాక్టర్‌కి స్క్రబ్బర్ పెడతారు. అందులో కాస్టిక్ ద్రావణం గ్యాస్‌ని పట్టుకుంటుంది. బాగుంది. కానీ పట్టుకున్న గ్యాస్ ఎక్కడికీ పోలేదు, ఆ నీళ్ళలోనే కూర్చుంది. కాస్టిక్ అయిపోతే ఇక పట్టుకోదు. ఆ వాడేసిన నీళ్ళని ఈటీపీకి పంపినప్పుడు అక్కడి ట్యాంకులో ఆమ్లం నీళ్ళున్నాయనుకోండి, పట్టుకున్నదంతా ఒక్కసారి వదిలేస్తుంది. ప్రొడక్షన్ బ్లాక్‌లో అంతా జాగ్రత్తగా చేశారు, ప్రమాదం మాత్రం ఈటీపీలో కాంట్రాక్టు కూలీ నెత్తిన పడింది. పీహెచ్ చూడకుండా లైన్ తెరిచినందుకు.

అసలు ఏ కెమికల్ కలపకపోయినా, నిలవున్న మురుగులో బ్యాక్టీరియా ఈ గ్యాస్‌ని తయారుచేస్తూనే ఉంటుంది. పైకి ప్రశాంతంగా ఉంటుంది, కర్రతో కలిపితే ఒక్కసారి లేస్తుంది. గాలికంటే బరువు కాబట్టి పల్లంలో, గోతిలో, సంపులో పేరుకుంటుంది. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర ఒక హేచరీలో మురుగు ట్యాంకు శుభ్రం చేయబోయి ఏడుగురు పోయారు. ముందు దిగినవాళ్ళు పడిపోతే, వాళ్ళని తీయడానికి మిగతావాళ్ళు దిగారు.

ఇక్కడ కొంచెం ఆగుతాను. మూసి ఉన్న చోట్ల జరిగిన చావుల్లో 60 శాతానికి పైగా కాపాడటానికి వెళ్ళినవాళ్ళవేనని నియోష్ 1986లోనే చెప్పింది. మనవాళ్ళ స్వభావం తెలుసు కదా, తోటివాడు పడితే ఆలోచించం, దూకేస్తాం. నేను తప్పు పట్టడం లేదు, నాకూ అదే పుడుతుంది. కానీ ఊపిరి బిగబట్టి వెళ్ళి లాక్కొచ్చేస్తాననుకుంటే, డెబ్భై కేజీల మనిషిని లాగుతూ ఊపిరి బిగబట్టడం ఎవరివల్లా కాదు. మొదట అలారం కొట్టాలి. వీపున గాలి సిలిండర్ తగిలించుకునే సెట్, ఎస్‌సీబీఏ అంటాం, అది వేసుకున్నవాడే లోపలికి. అదీ వెనకాల ఇంకొకడు సిద్ధంగా ఉన్నాకే. గుడ్డ మాస్క్, ఎన్95 ఈ గ్యాస్‌ని అస్సలు ఆపవు. కార్ట్రిడ్జ్ మాస్క్ బయటికి పారిపోవడానికి పనికొస్తుంది, పడిపోయినవాణ్ణి తేవడానికి కాదు.

ఎటు పరిగెత్తాలి? గాలికి ఎదురుగానో అడ్డంగానో, వీలైతే మెరకకి. మన తీరంలో మామూలుగా పగలు సముద్రం మీంచి గాలి, రాత్రి భూమి మీంచి సముద్రానికి. పగటి డ్రిల్‌లో నేర్చుకున్న దారి రాత్రి తప్పు దారి కావచ్చు. అందుకే విండ్‌సాక్ చూడాలి. చాలాచోట్ల దానికి లైటే ఉండదు, రాత్రి ఎవరికి కనపడుతుందో మరి!

ముక్కుకి బదులు మీటర్‌ని నమ్మండి. చొక్కాకి తగిలించుకునే చిన్న డిటెక్టర్లు ఉన్నాయి, సాధారణంగా 10 దగ్గర మోగేలా పెడతారు. షిఫ్ట్ మొదట్లో టెస్ట్ గ్యాస్ చూపించి మోగుతోందో లేదో చూడాలి. తాళం వేసిన బీరువాలో పెట్టి ఆడిట్ రోజు తీసే డిటెక్టర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఇంకోటి, ఈ గ్యాస్ అంటుకుంటుంది కూడా, గాలిలో 4 శాతం చేరితే చాలు. అంతవరకు వస్తే ఊపిరి సంగతి ఎప్పుడో అయిపోయి ఉంటుంది కానీ, నిప్పు రవ్వ మాట మర్చిపోకూడదు.

బయటికి తెచ్చిన మనిషికి వెంటనే ఆక్సిజన్. ఊపిరి ఆడకపోతే బ్యాగ్-మాస్క్‌తో ఇవ్వాలి, నోట్లో నోరు పెట్టి వద్దు. కళ్ళు మండుతుంటే పావుగంట నీళ్ళతో కడగాలి. 108కి చేసి గ్యాస్ పేరు చెప్పాలి, సేఫ్టీ డేటా షీట్ అంబులెన్స్‌లో పెట్టి పంపాలి. లేచి కూర్చున్నాడు కదా అని ఇంటికి పంపొద్దు, గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు.

ఆ షీట్‌లో పదహారు విభాగాలుంటాయి. చాలామంది రెండోది చూసి వదిలేస్తారు. నేనైతే పదోది ముందు చదవమంటాను. దేనితో కలిస్తే ఏం పుడుతుందో ఉండేది అక్కడే. మీ డ్రమ్ము షీట్‌లో "ఆమ్లాలతో కలిస్తే విష వాయువు" అని ఉంటే, మీ బ్లాక్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నట్టే లెక్క వేసుకోండి. షీట్ అడిగితే "నీకెందుకు" అనేవాళ్ళుంటారు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి కొత్త అధ్యాయం చేర్చి, ప్రమాదాల సమాచారం కార్మికులకి చెప్పి తీరాలని రాసింది ఆ "నీకెందుకు"కి జవాబుగానే.

ఆ కుర్రాడికి బస్సు వచ్చేలోపు ఇందులో సగమే చెప్పగలిగాను. ఎక్కుతూ, "మరి సీనియర్‌కి ఎలా చెప్పాలి సార్, ఏమనుకుంటాడో" అన్నాడు. "మీరు తప్పు అని చెప్పకు బాబూ. డిటెక్టర్ ఎక్కడుంది అన్నా, ఒకసారి చూపించవా అని అడుగు" అన్నాను. నిన్న ఫోన్ చేశాడు. డిటెక్టర్ ఉందట, బ్యాటరీ లేదట. సేఫ్టీ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాడు, సీనియర్ పేరు కూడా కలిపి.

వచ్చే ఎపిసోడ్‌లో సాల్వెంట్ల సంగతి, అచ్యుతాపురం ఎసెన్షియాలో 2024 ఆగస్టులో జరిగిన దాంతో మొదలుపెడదాం. ఉంటానండీ.